పెద్దల గోడలు, పేదల గదులు: డబ్లిన్‌లో ఒక వీధి చరిత్ర

1877లో డబ్లిన్ నగరపు ఐరిష్ టైమ్స్ పత్రికలో ఒక అద్దె ప్రకటన వెలువడింది. నగరానికి ఉత్తరాన ఉన్న పెద్ద భవనంలో మర్యాదస్తులైన కుటుంబాలకు వాటాలు అద్దెకిస్తారట. కొత్తగా రంగులు వేయించి గోడలకు కాగితం అతికించారు. గ్యాస్ ఉంది. మెట్ల మలుపుల్లో మరుగుదొడ్లు ఉన్నాయి. బట్టలు ఆరేసుకోవడానికి పెరడు, ఒక్కో వాటాకు ఒక్కో పొయ్యి, కుళాయిలో వార్ట్రీ నీళ్లు. వివరాలకు 14, హెన్రియెట్టా వీధిలో కాపలాదారును కలవాలి. ఇదీ దాని సారాంశం. వార్ట్రీ నీళ్లంటే విక్లో కొండల నుంచి 1860ల చివర్లో నగరానికి తెచ్చిన మంచినీళ్లు. అప్పట్లో అద్దె ప్రకటనలో చెప్పుకోదగ్గ గొప్పే అది. ఇంటిని కొన్న థామస్ వాన్స్ అనే ఆసామి దాన్ని 19 వాటాలుగా విడగొట్టాడు.

ముప్పై నాలుగేళ్లు తిరిగేసరికి, 1911 జనాభా లెక్కల్లో, ఆ ఒక్క ఇంట్లో 100 మంది తేలారు. వీధి మొత్తం మీద 800 మందికి పైగా ఉన్నారు. వీధి చూస్తే చిన్నది. ఒక చివర బోల్టన్ వీధి, రెండో చివర న్యాయవాదులను తయారుచేసే కింగ్స్ ఇన్స్ భవనం. మధ్యలో అటూ ఇటూ కలిపి ఇరవై ఇళ్లు కూడా లేవు.

ఈ వీధి గురించి రాసేవారు సాధారణంగా దాన్ని పతనగాథగా రాస్తారు. దొరలు కట్టుకున్నారు, వెళ్లిపోయారు, పేదలు చేరారు, భవనాలు శిథిలమయ్యాయి, చివరికి సహృదయులు వచ్చి బాగుచేశారు. వినడానికి ఇంపుగానే ఉంటుంది. కానీ ఈ కథలో పేదవాళ్లది ఎప్పుడూ చెదపురుగుల పాత్రే. ఆ భవనాలను గదులుగా కోసింది ఎవరు, ఆ కోతలో లాభం ఎవరి జేబులోకి వెళ్లింది అని అడిగితే కథ మరోలా నడుస్తుంది. ఇంకొక ప్రశ్న కూడా ఉంది. శ్రామికులు కిక్కిరిసి బతికిన వీధులు డబ్లిన్‌లో ఎన్నో ఉండేవి. వాటిలో చాలావాటి ఆనవాళ్లు కూడా లేకుండా పోతే, హెన్రియెట్టా వీధి ఇల్లు మాత్రం ఎందుకు మ్యూజియమైంది? నాకు తోచిన సమాధానం కాస్త చేదుగా ఉంటుంది. ఆ గోడలు నిలిచింది వాటి మధ్య పుట్టి పెరిగి చచ్చిపోయిన కూలీల మీద గౌరవంతో కాదు. వాళ్లకు వందేళ్ల ముందు అక్కడ విందులు చేసుకున్నవారి మీద గౌరవంతో. పేదల చరిత్ర పెద్దల గోడలను పట్టుకుని బతికి బయటపడింది.

వీధిని 1720లలో వేయడం మొదలుపెట్టింది ల్యూక్ గార్డినర్. ఆయన బ్యాంకరు, భూములు కొని ప్లాట్లు వేసిన వ్యాపారి. తొలి కాపురస్తుల్లో ఆర్చిబిషప్ హ్యూ బౌల్టర్ ఒకరు. 14వ నంబరు ఇల్లు 1740ల చివరిది. అందులో మొదట దిగినవాడు సైన్యాధిపతి మోల్స్‌వర్త్ ప్రభువు. బయటికి ఇటుక గోడలు సాదాగా ఉంటాయి. ఆడంబరమంతా లోపలే, మెట్లదారిలోనూ కప్పుల మీది సున్నపు నగిషీలోనూ. 1801లో ఐర్లండ్ పార్లమెంటు రద్దయి ఆ దేశం బ్రిటన్‌లో విలీనమైంది. అధికారం లండన్‌కు పోతే ప్రభువులు దాని వెంటే పోయారు. వాళ్ల ఇళ్లలోకి లాయర్లు చేరారు.

ఆ తర్వాత 14వ నంబరుకు పట్టిన వేషం చిత్రమైనది. 1845లో మొదలైన బంగాళాదుంప కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షల మంది దేశం విడిచిపోయారు. రైతుల దగ్గర కౌలు రాక భూస్వాములు అప్పుల్లో మునిగారు. ఆ అప్పుల ఎస్టేట్లను అమ్మించేందుకు 1849లో ప్రత్యేక న్యాయస్థానం పెట్టారు. అది కొలువుదీరింది ఈ ఇంట్లోనే. భూస్వామ్య వర్గం దర్జాకు కట్టుకున్న హాల్లోనే అదే వర్గం ఆస్తులు చేతులు మారాయి. కోర్టు వెళ్లాక కొంతకాలం సైనికుల బారకాసులుగా వాడారు. వాన్స్ కొనేనాటికి అది ఎవరి కొంప అన్న భ్రమలేవీ దానికి మిగల్లేదు.

1801 విలీనమే డబ్లిన్ మురికివాడలకు కారణమని పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఆ విలీనానికి, వాన్స్ ప్రకటనకు మధ్య డెబ్బై ఆరేళ్లున్నాయి. ఆ డెబ్బై ఆరేళ్లలో జరిగినదే అసలు కథ. కరువు తర్వాత పల్లెల నుంచి జనం నగరంలోకి వచ్చిపడ్డారు. బెల్‌ఫాస్ట్‌లో ఉన్నట్టు వారిని ఇముడ్చుకునే భారీ పరిశ్రమలు డబ్లిన్‌లో లేవు. గిన్నెస్ బీరు ఫ్యాక్టరీ, జేకబ్స్ బిస్కెట్ల ఫ్యాక్టరీ వంటివి కొన్నే. మిగిలిందంతా రేవులో మూటలు మోయడం, బండి తోలడం, ఏ రోజుకారోజు పని. అదే కాలంలో స్థితిమంతులు గ్రాండ్ కెనాల్ అనే కాలువ దాటి రాత్‌మైన్స్, పెంబ్రోక్ వంటి శివార్లకు తరలిపోయారు. వాటికి వేరే పురపాలక సంఘాలు, వేరే పన్నులు. పన్ను కట్టగలిగినవారు కాలువ అవతల, ఆసుపత్రులూ నీళ్లూ మురుగుకాలువలూ అవసరమైనవారు ఇవతల. ఉద్యోగానికీ వ్యాపారానికీ రోజూ నగరంలోకి వస్తూ నగరానికి పన్ను కట్టని ఈ ఏర్పాటు 1930లో ఆ శివార్లను నగరంలో కలిపేదాకా సాగింది. హైదరాబాద్ చుట్టూ మున్సిపాలిటీలు పుట్టడం, విలీనం కావడం చూసినవారికి ఈ తగాదా కొత్తగా అనిపించదు.

ఇక జోసెఫ్ మీడ్ సంగతి. 1890లలో ఈ వీధిలో ఇళ్లను వరసగా కొన్నది ఈయనే. ఊరూ పేరూ లేని వడ్డీ వ్యాపారి కాదు. భవన నిర్మాణ కాంట్రాక్టరు, కార్పొరేషన్‌లో ఆల్డర్‌మన్ అనే సీనియర్ సభ్యుడు, 1891 నుంచి 1893 వరకు డబ్లిన్ లార్డ్ మేయర్. చలిమంట గూళ్ల చుట్టూ ఉన్న చెక్కడపు చట్రాలను ఊడదీయించి లండన్‌లో అమ్మించాడు. విశాలమైన మెట్లదారి ఆక్రమించిన చోట ఇంకొన్ని గదులు వస్తాయని మెట్లు పీకించాడు. తరువాతి కాలంలో కళాభిమానులు ఆ ఇళ్ల దుస్థితి చూసి కన్నీళ్లు పెట్టుకుంటూ, కట్టెల కోసం మెట్ల కమ్మీలు విరగ్గొట్టుకున్న అద్దెదారులను తిట్టిపోశారు. చలికాలంలో కమ్మీలు పొయ్యిలోకి వెళ్లిన మాట నిజమే. అయితే చట్రాన్ని ఓడలో లండన్ పంపిన మేయరు గౌరవనీయ పౌరుడిగానూ, కమ్మీ కాల్చుకున్న కూలీ విధ్వంసకుడిగానూ చరిత్రకెక్కడం చూస్తే నవ్వొస్తుంది.

మీడ్ ఒక్కడే అయితే దురాశాపరుడి కథగా వదిలేయొచ్చు. 1913 సెప్టెంబరు 2 సాయంత్రం, ఇదే నగరంలో లిఫీ నది ఉత్తరపు ఒడ్డునున్న చర్చ్ వీధిలో 66, 67 నంబర్ల ఇళ్లు కుప్పకూలాయి. ఏడుగురు చనిపోయారు. వారిలో పదిహేడేళ్ల కుర్రాడొకడు ఉన్నాడు. తోబుట్టువులను బయటికి చేర్చి, చిన్న చెల్లెలి కోసం మళ్లీ లోపలికి వెళ్లి ఆమెతోపాటే శిథిలాల కింద పడిపోయాడు. అప్పటికి వారం రోజుల కిందటే జిమ్ లార్కిన్ నాయకత్వంలో ట్రాము కార్మికుల సమ్మె మొదలైంది. యజమానులు ట్రాము కంపెనీ అధిపతి విలియం మార్టిన్ మర్ఫీ వెనక చేరి, కార్మిక సంఘాన్ని వదులుకోని వేలమందిని పనిలోంచి గెంటేశారు. ఆ కుర్రాడూ అలా పని పోయినవాడే. ఇళ్లు కూలడం, సమ్మె కలిసి రావడంతో ప్రభుత్వం విచారణ వేయక తప్పలేదు.

1914 ఫిబ్రవరిలో వచ్చిన నివేదిక ఇప్పటికీ చదవదగ్గది. గదుల లెక్కన అద్దెకిచ్చే ఇళ్లు, అక్కడివారు టెనిమెంట్లు అనేవి, నగరంలో 5,322. వాటిలో 25,822 కుటుంబాలు, 87,305 మంది. అంటే నగర జనాభాలో దాదాపు మూడో వంతుకు చేరువ. ఆ కుటుంబాల్లో 20,108 ఒకే గదిలో కాపురం ఉన్నవి. 1,518 ఇళ్లు మనుషులు ఉండటానికి పనికిరానివని, బాగుచేసినా పనికిరావని తేల్చారు. ఆ పక్కనే ఇంకో సంగతి బయటపడింది. టెనిమెంట్ల యజమానుల్లో కార్పొరేషన్ సభ్యులే ఉన్నారు. ఇళ్లను సక్రమంగా ఉంచిన యజమానులకు పన్నులో రాయితీ ఇచ్చే నిబంధన ఒకటుండేది. సరిగా లేని ఇళ్లకూ ఆ రాయితీ అందిందని, నగర ఆరోగ్యాధికారి చార్లెస్ కామెరాన్ చూసీచూడనట్టు వదిలేశారని విచారణ తప్పుపట్టింది. కామెరాన్ దుర్మార్గుడేమీ కాదు. పేదల ఆరోగ్యం మీద దశాబ్దాలుగా రాసిన వైద్యుడు. మంచివాడు, తెలిసినవాడు, అధికారంలో ఉన్నవాడు కూడా సభ్యుల ఇళ్ల జోలికి పోలేదన్నదే నన్ను ఆ నివేదికలో ఎక్కువగా ఆపిన విషయం. తనిఖీ చేయాల్సిన సంస్థను నడిపేవారే అద్దె వసూలు చేసుకుంటున్నప్పుడు ఇల్లు కూలడాన్ని ప్రమాదం అనలేం.

ఇప్పుడు లోపలికి వెళ్దాం. 1911 లెక్కల ఫారాలు ఒక్కో కుటుంబానివీ భద్రంగా ఉన్నాయి, ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అంతకు ముందువి చాలావరకు దక్కలేదు. కొన్నింటిని ప్రభుత్వమే నాశనం చేసింది, మరికొన్ని 1922 అంతర్యుద్ధంలో పాత రికార్డులు దాచిన ఫోర్ కోర్ట్స్ భవనం పేలిపోయినప్పుడు బూడిదయ్యాయి. 14వ నంబరు ఫారాల్లో టోపీలు కుట్టేవారు, దర్జీలు, చెక్క సామానుకు మెరుగుపెట్టేవారు, పుస్తకాలకు బైండింగ్ చేసేవారు కనిపిస్తారు. అంటే సోమరుల అడ్డా అని బయటివారు తలచిన ఇల్లు చేతిపనులవారి ఇల్లు. కాపురం ఉన్న గదే కొందరికి కార్ఖానా కూడా అయి ఉండాలి.

ఆ ఫారంలో పెళ్లయిన స్త్రీలకు మాత్రమే వర్తించే మూడు గడులున్నాయి. పెళ్లయి ఎన్నేళ్లయింది, ప్రాణంతో పుట్టిన పిల్లలు ఎందరు, ఇప్పుడు బతికి ఉన్నవారు ఎందరు. రెండో గడికీ మూడో గడికీ తేడా చూసుకుంటూ ఒక్కో ఫారం దిగుతుంటే ఆ నగరం గురించి ఉపన్యాసాలు అక్కర్లేదు. క్షయ, పసిపిల్లల విరేచనాలు, తట్టు. ఇంటి గురించి వేరే ఫారం ఉండేది. గోడలు ఇటుకవా, పైకప్పు దేనిది, ముందువైపు కిటికీలు ఎన్ని, గదులెన్ని అని మార్కులు వేసి ఇంటికి తరగతి నిర్ణయించేవారు. ప్రభువులు కట్టిన ఇంటికి ఇటుకా కిటికీలూ కొదవ ఉండవు గదా. లోపలి జనం గొంతు దాకా ఉన్నా ఆ మార్కులు తగ్గవు.

తర్వాతి తరాలవారు చెప్పిన జ్ఞాపకాల్లో వచ్చే సంగతులు వేరు. వీధి తలుపు పగలూ రాత్రీ తీసే ఉండేది, ఎక్కడా ఉండటానికి చోటులేనివారు మెట్ల కింద పడుకుని తెల్లారకముందే వెళ్లిపోయేవారు. పై అంతస్తులో ఉంటే నీళ్లు మోసుకు రావాలి, మళ్లీ మలమూత్రాల బకెట్టు కిందికి మోసుకుపోవాలి. రెండు పనులూ ఆడవాళ్లవి, పెద్ద పిల్లలవి. శనివారం కూలి డబ్బులు రాగానే తాకట్టు కొట్టు నుంచి మొగుడి మంచి సూటు విడిపిస్తారు, ఆదివారం చర్చికి తొడుక్కుంటాడు, సోమవారం పొద్దున అది మళ్లీ తాకట్టుకు వెళ్తుంది. భర్తకు తెలియకుండా ఈ చక్రం తిప్పిన ఇల్లాళ్ల కథలు ఆ వీధుల్లో ఎన్నో. కాన్పులకు మంత్రసాని, చావులకు శవాన్ని కడిగి ముస్తాబు చేసే మనిషి చాలాచోట్ల ఒక్కరే. డాక్టరు ఫీజు కంటే ఆమెకిచ్చేది తక్కువ, పిలిస్తే అర్ధరాత్రయినా వచ్చేది. వీధికి దగ్గర్లోనే విలియమ్స్ అండ్ వుడ్స్ వారి జాము, మిఠాయిల ఫ్యాక్టరీ ఉండేది. ఎంత ఆకలి మీదున్నా పీల్చుకోవాల్సింది ఆ పాకం వాసనే.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఐర్లండ్ తటస్థంగా ఉంది కానీ బొగ్గుకు కటకట వచ్చింది. బొగ్గుతో తయారయ్యే గ్యాస్‌కూ రేషన్ పెట్టారు. రోజులో కొన్ని గంటలే సరఫరా. ఆపేసిన తర్వాత కూడా గొట్టాల్లో కాస్త గ్యాస్ మిగిలి మిణుకుమిణుకుమంటుంది. దాని మీద టీ కాచుకోవడం నేరం. తనిఖీకి గ్యాస్ కంపెనీ మనిషి సైకిలు మీద వచ్చి, లోపలికి దూరి, బర్నరు మీద చెయ్యి పెట్టి వేడి చూసేవాడు. డబ్లిన్ జనం అతనికి గ్లిమ్మర్ మ్యాన్ అని పేరు పెట్టారు. వీధి మొదట్లో అతను కనిపించగానే పిల్లలు కేకలు వేసుకుంటూ పరుగెత్తేవారు, ఆడవాళ్లు బర్నర్ల మీద తడిగుడ్డలు వేసేవారు. ఆ గ్యాస్ తయారైన కర్మాగారాలు గ్రాండ్ కెనాల్ రేవు చుట్టుపక్కల ఉండేవి. ఇప్పుడు అక్కడ అంతర్జాతీయ సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడలు లేచాయి. మన తెలుగు కుర్రాళ్లు, అమ్మాయిలు మెడలో కార్డులు వేసుకుని వాటిలోకి వెళ్తుంటారు.

తెలుగువారికి ఇంకా పాత లంకె ఒకటుంది, సైన్యంలో. పనిలేని డబ్లిన్ కుర్రాళ్లకు దొరికే నికరమైన జీతం బ్రిటిష్ సైన్యంలోనే. వాళ్లు చేరిన రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ మొదటి బెటాలియన్‌కు 1881 దాకా ఉన్న పేరు రాయల్ మద్రాస్ ఫ్యూజిలియర్స్. ఈస్టిండియా కంపెనీ మద్రాసులో పెంచిన తెల్లదొరల పటాలం అది. అంటే మన కోస్తా జిల్లాలను ఏలిన ప్రభుత్వానికి కండబలం. 1914 ఆగస్టులో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు కూడా ఆ బెటాలియన్ మద్రాసులోనే మకాం ఉంది. అక్కడి నుంచి తరలించి, 1915 ఏప్రిల్ 25న గల్లిపోలీ తీరంలో దించితే, చాలామంది ఒడ్డు చేరకుండానే పడవల్లో కూలిపోయారు. డబ్లిన్ గదుల్లో ఉన్న వాళ్ల భార్యలకు ప్రభుత్వం వారంవారం భత్యం ఇచ్చేది. చాలామంది ఆడవాళ్ల చేతికి నికరంగా డబ్బు అందడం అదే మొదటిసారి. 1916 ఈస్టర్ తిరుగుబాటులో స్వాతంత్ర్య యోధులను చూసి శాపనార్థాలు పెట్టింది ఎక్కువగా ఈ ఆడవాళ్లే. కొత్త దేశం ఆ శాపనార్థాలను క్షమించలేదు. వారి భర్తల చావులను తలచుకోవడానికి కూడా దశాబ్దాలు పట్టింది. శ్రామిక వీధి జ్ఞాపకంలో దేశానికి నచ్చే భాగం ఉంటుంది, నచ్చనిదీ ఉంటుంది. గోడ మీద శిలాఫలకం మొదటిదానికే దక్కుతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక డబ్లిన్ కార్పొరేషన్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1920లలో మరినో, 1930, 40లలో క్రమ్లిన్, కాబ్రా కాలనీలు కట్టింది. ముందు గది, వెనక గది, సొంత కుళాయి, చిన్న తోట. ఒక్క గదిలో ఎనిమిది మంది పడుకున్నవారికి అది స్వర్గం, ఈ మాటను తక్కువ చేయకూడదు. అయితే అద్దె ఎక్కువ, బస్సు చార్జీ అదనం, కొట్లూ బడులూ చాలాకాలం దాకా లేవు. చేపల బుట్ట పెట్టుకుని నగరం నడిబొడ్డున అమ్ముకునే స్త్రీకి కాబ్రా ఇల్లంటే వ్యాపారం దెబ్బతినడమే. నెలనెలా కట్టగలరని నమ్మకమున్నవారికే మరినో వంటి మంచి ఇళ్లు దక్కాయి. మరీ పేదలు టెనిమెంట్లలోనే మిగిలిపోయారు. 1876లో ఏర్పడిన కంపెనీ ఒకటి చేతిపనులవారి కోసం స్టోనీబ్యాటర్‌లో కట్టిన ఎర్ర ఇటుక చిన్నిళ్లు ఉన్నాయి, ఈనాటి కూలీ వాటిని కొనగలడా అని ఎవరూ అడగరు.

1963 జూన్ 2న బోల్టన్ వీధిలో, హెన్రియెట్టా వీధి మొదలయ్యే ఆ వీధిలోనే, ఒక ఇల్లు కూలి వృద్ధ దంపతులు చనిపోయారు. పది రోజులకే ఫీనియన్ వీధిలో మరో ఇల్లు దారిన పోతున్న ఇద్దరు ఆడపిల్లల మీద కూలింది. చర్చ్ వీధి దుర్ఘటన జరిగి యాభై ఏళ్లు, దేశం చేతికి వచ్చి నలభై ఏళ్లు. భయపడ్డ అధికారులు ప్రమాదకరమని ముద్రవేసి పాత ఇళ్లను ఖాళీ చేయించారు. వాటిలో బాగుచేసుకోదగ్గవాటినీ కూలగొట్టారు. ఆ హడావుడిలోంచి పుట్టినవే నగర శివార్లలోని బాలిమన్ ఆకాశహర్మ్యాలు. పదిహేను అంతస్తులవి ఏడు, ఒక్కోదానికి 1916లో ఉరితీతకు బదులు తుపాకీ గుండ్లకు బలైన నాయకుల్లో ఒక్కొక్కరి పేరు. లిఫ్టులు మొరాయించడం, కొట్లు లేకపోవడం, ఉద్యోగాలకు దూరం కావడం షరా మామూలే. 2004 నుంచి 2015 మధ్య వాటినీ నేలమట్టం చేశారు. యాభై ఏళ్లు నిండని ఇళ్లు కూలగొట్టి, రెండున్నర శతాబ్దాల ఇంటిని మ్యూజియం చేసుకుంటున్న నగరమది.

"మా దగ్గర ఏమీ ఉండేది కాదు, అయినా సంతోషంగా ఉండేవాళ్లం" అనే మాట పాత వీధుల జ్ఞాపకాల్లో తప్పకుండా వస్తుంది. దీన్ని ఎద్దేవా చేసేవారితో నేను ఏకీభవించను. పక్కింటి పిల్లకు అన్నం పెట్టడం, మంచాన పడిన ముసలమ్మ బకెట్టు మోయడం కల్పన కావు. అవి లేకుంటే ఆ ఇళ్లలో ఎవరూ బతకలేరు. కానీ ఈ మాట చెబుతున్నది ఎవరు? బతికి బట్టకట్టి, కాబ్రాలో సొంత తలుపున్న ఇంటికి మారి, మనవలకు కథలు చెప్పే వయసు దాకా వచ్చినవారు. 1911 ఫారంలో రెండో గడికీ మూడో గడికీ మధ్య రాలిపోయినవారు సంతోషంగా ఉన్నారో లేదో చెప్పడానికి ఎవరూ లేరు. పైగా ఆ ఇరుగుపొరుగు సహాయం ఎవరికి లాభించిందో కూడా చూడాలి. నీళ్లు, పారిశుద్ధ్యం, వైద్యం ఏర్పాటు చేయాల్సిన యజమానీ కార్పొరేషనూ చేయని పనిని ఆడవాళ్లు జీతం లేకుండా చేశారు. యజమాని అద్దె మాత్రం వారంవారం పూర్తిగా పుచ్చుకున్నాడు.

14వ నంబరులో చివరి కుటుంబాలు 1970ల చివర్లో ఖాళీ చేశాయి. వీధిని కాపాడింది ఆ దశాబ్దంలో కొన్ని ఇళ్లు కొనుక్కుని, కళాకారులకు తక్కువ అద్దెకిచ్చి, సున్నపు నగిషీని ప్రాణంగా చూసుకున్న కొద్దిమంది. పక్కనే 15వ నంబరులో ఐరిష్ గొట్టపు వాద్యకారుల సంఘం చేరింది. వారికి దండం పెట్టాల్సిందే. కానీ వారు కాపాడాలనుకున్నది పద్దెనిమిదో శతాబ్దాన్ని. ఇరవయ్యో శతాబ్దపు కూలీల వీధి దాని చాటున మిగిలింది. 14వ నంబరును నగర పాలక సంస్థ తీసుకుని పదేళ్లకు పైగా పనిచేయించి 2018 సెప్టెంబరులో మ్యూజియంగా తెరిచింది. ఇక్కడ ఒక నిర్ణయం నాకు బాగా నచ్చింది. మెట్లదారిలో గోడల కింది భాగం ఎర్రమట్టి రంగు, పై భాగం రెకిట్స్ నీలం. టెనిమెంట్ల కాలంలో డబ్లిన్ అంతటా చవగ్గా పూసిన జంట రంగులివి. మన ఇళ్లలో తెల్లబట్టలకు పెట్టిన రాబిన్ బ్లూ నీలిమందూ ఆ రెకిట్ వారిదే. ఆ రంగుల పొరలను గీకేసి ప్రభువుల కాలపు గోడను బయటపెట్టడం సులువు. పెట్టలేదు. నేల మీద పరిచిన లినోలియం ముక్కలు, గోడకాగితం పొరలు, చేతులు తగిలి అరిగిన చోట్లు అలాగే ఉంచారు. అక్కడ ఒకప్పుడు ఉన్నవారిని వెతికి పట్టుకుని వాళ్ల మాటలు రికార్డు చేశారు. ప్రభువుల గది చూసి కిందికి దిగిన సందర్శకుడు ఒక కుటుంబం గదిలోకి అడుగు పెట్టేలా దారి వేశారు.

అలా కుదరని చోట ఏమవుతుందో చూడాలంటే కొద్ది దూరంలోని మూర్ వీధికి వెళ్లాలి. అక్కడ తరతరాలుగా స్త్రీలు పళ్లూ చేపలూ అమ్మారు. 1916లో తిరుగుబాటుదారులు వెనక్కి తగ్గి చివరగా తలదాచుకున్న ఇళ్లు కావడంతో 14 నుంచి 17 నంబర్లను 2007లో జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కానీ తిరుగుబాటు నాయకులు ఆ ఇళ్లలో గడిపింది కొద్ది గంటలే. బుట్ట ముందు కూర్చున్న ఆడవాళ్లు గడిపింది జీవితాలు. అక్కడ వ్యాపారుల సంఖ్య తగ్గుతూ వస్తుంటే న్యాయస్థానాల్లోనూ పత్రికల్లోనూ వాదనంతా ఏ గోడ 1916 నాటిది అన్నదాని చుట్టూ తిరిగింది.

ఇప్పటి డబ్లిన్‌ను 1911తో పోల్చడం అన్యాయం, పసిపిల్లలు అలా రాలిపోవడం లేదు. అయినా కొన్ని అంకెలు ఇబ్బంది పెడతాయి. ప్రభుత్వ అత్యవసర వసతిలో ఉన్న నిరాశ్రయుల సంఖ్య 2025 నాటికి దేశవ్యాప్తంగా 15,000 దాటింది. నగరంలో ఇంటి అద్దె నెలకు 2,000 యూరోలు దాటి చాలాకాలమైంది. చదువుకోవడానికీ ఉద్యోగానికీ వెళ్లిన తెలుగువాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో అడిగే మొదటి ప్రశ్న గది గురించే. ఒక్క గదిని ఇద్దరు ముగ్గురు పంచుకోవడం వారికి మామూలు. పార్లమెంటు సభ్యుల్లో ఇళ్లు అద్దెకిచ్చే యజమానులు ఎందరన్న చర్చ అక్కడి పత్రికల్లో తరచూ వస్తుంది. 1914 నివేదిక చదివినవారికి ఆ ప్రశ్న అడగడంలో అపరాధ భావన ఉండనక్కర్లేదు.

స్వతంత్ర ఐర్లండ్ తొలి జనాభా లెక్కలు 1926 నాటివి. నూరేళ్ల గోప్యత నిబంధన ప్రకారం ఆ ఫారాలు ప్రజల ముందుకు రావాల్సిన ఏడాది 2026. హెన్రియెట్టా వీధి గదుల్లో కొత్త ప్రభుత్వం వచ్చిన నాలుగేళ్లకు ఎవరు మిగిలారు అన్నది పేరుపేరునా తెలుస్తుంది. వారి గదుల అద్దె ఎవరికి చేరిందో మాత్రం ఆ ఫారాలు వెల్లడించవు. అందుకు ఆస్తులకు విలువ కట్టే వాల్యుయేషన్ ఆఫీసువారి పాత రిజిస్టర్లు తిరగేయాలి. వాటిలో యజమాని పేరుకు వేరే గడి ఉంది.